‘దానింతై’నా, ‘దానంతై’నా? (బ్రష్షు గుండ్రం కనబడట్లేదు, అది కూడా చెప్పండి)

రంగులడబ్బా:
ఫోటోషాప్‌లో ఒక పోస్టరు పని మీద కూర్చున్నాను. బ్రష్షు చుట్టూ ఉండాల్సిన గుండ్రం మాయమై చిన్న ప్లస్ గుర్తు మిగిలింది. సైజు మరీ తగ్గిపోయిందేమోనని కుడి బ్రాకెట్ కీ నొక్కుతూ పోయాను, పైన అంకె పెరుగుతోంది కానీ తెర మీద అదే ప్లస్. సరే చూద్దామని ఒక్క క్లిక్ కొడితే బొమ్మంతా నల్లగా నిండిపోయింది. అప్పట్నుంచి నోట్లో ఒకటే, పోతన భాగవతంలో వామనుడు పెరిగే పద్యం, ‘ఇంతింతై వటుడింతయై మరియు దా...’ తర్వాత నాకు ‘నంతై’ అని వస్తోంది, మా అన్నయ్య ‘నింతై’ అంటాడు. ఏది సరి? ఆ గుండ్రం ఎలా వస్తుందో తెలిసినవాళ్లుంటే అదీ చెప్పండి, రేపు పొద్దున ఫైలు ఇవ్వాలి.

ఛందోభ్రాంతి:
‘నింతై’. చర్చకి చోటే లేదు. శార్దూల వృత్తం, 13వ అక్షరం దగ్గర యతి, అంటే పాదం మొదటి అక్షరంతో అది కలవాలి. ఇక్కడ మొదటి అక్షరం ఇ. అక్కడ అ పడితే యతి గోవిందా.

గోదారిగట్టు:
చోటు లేకపోవడమేంటండీ, తప్పు ఎందుకు పడుతోందో చూడాలిగా. రెండు, మూడు, నాలుగు పాదాలు మూడూ ‘నంతై’తోనే ఎత్తుకుంటాయి (ముందున్న ‘పై’ మీద ద్రుతం, అంటే న్, వచ్చి అంతైతో కలిసి). మూడో పాదం మధ్యలో ‘ధ్రువునిపై నంతై’ అని మళ్లీ అదే. ఇన్ని నంతైలు చుట్టూ ఉంటే ఒక్క నింతై ఎక్కడ నిలబడుతుంది? రంగులడబ్బా గారి నాలుక జారడం న్యాయమే.

డీటీపీ బాబాయ్:
నాయనా, ముందు క్యాప్స్ లాక్ చూసుకో. అది ఆన్‌లో ఉంటే ఫోటోషాప్‌లో గుండ్రం పోయి గురి గుర్తు వస్తుంది. అది జబ్బు కాదు, సరిగ్గా ఒక్క చుక్క మీద గురి పెట్టడానికి కావాలనే అలా పెట్టారు. మన తెలుగువాళ్లకి ఇది ఎక్కువ. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే ఆర్‌టీఎస్ పద్ధతివాళ్లకి ణ కావాలన్నా ళ కావాలన్నా పెద్దక్షరమే, షిఫ్టుకి బదులు వేలు పైకి జారిందంటే క్యాప్స్ లాక్ పడుతుంది, ఆ సంగతి బ్రష్షు పట్టేదాకా తెలీదు.

అరసున్న:
అందరూ ‘మరియు దా’ అని రాస్తున్నారు. ‘మరియుఁ దా’. తానింతై దానింతై ఎందుకైంది? ముందు ద్రుతం ఉంది కాబట్టి, దాని తర్వాత త ద అవుతుంది. అరసున్న తీసేస్తే ఆ ద ఎక్కణ్నుంచి వచ్చిందో పిల్లలకి ఏం చెబుతారు?

గోదారిగట్టు:
ఫోన్ కీబోర్డులో అరసున్న ఎక్కడుందో చూపిస్తే పెడతామండి.

చిత్రకూటం:
అసలు సంగతి యతి కాదని నా అనుమానం. వరస చూడండి: ఇంత, ఇంత, ఇంత, ఆ తర్వాతే అంత. శుకుడు పరీక్షిత్తుకి చెబుతున్నాడు. చేత్తో చూపించగలిగినంతసేపూ ‘ఇంత’. ఆకాశవీథి దాటగానే చెయ్యి చాలదు, ‘అంత’ అవుతుంది. మబ్బుల దగ్గర ‘అల్లంత’. అంటే చెప్పేవాడూ వినేవాడూ నేల మీదే ఉన్నారు, పెరిగేవాడు దూరమైపోతున్నాడు. ‘దానంతై’ అంటే ఆ మెట్టు ఒకటి ముందే పడిపోతుంది. యతి లేకపోయినా అక్కడ ఇంతే ఉండాలి.

ఛందోభ్రాంతి:
బాగుంది కానీ, మొదటి అక్షరం ఇ వేసుకున్నాక 13లో ఇ గుంపు తప్పనిసరి. తప్పనిసరిగా వచ్చినదానికి మీరు అర్థం కడుతున్నారు.

చిత్రకూటం:
మొదటి అక్షరం ఇ వెయ్యమని పోతన్నకి ఎవరు చెప్పారు మాస్టారూ?

రంగులడబ్బా:
బాబాయ్ గారూ, క్యాప్స్ లాక్ తీశాను. గుండ్రం వచ్చింది, కానీ మెత్తటి బ్రష్షుతో గీస్తే రంగు గుండ్రం దాటి బయటికి పోతోంది.

డీటీపీ బాబాయ్:
ప్రిఫరెన్సెస్‌లో కర్సర్స్ అని ఉంటుంది. అక్కడ ‘నార్మల్ బ్రష్ టిప్’ ఉంటే రంగు సగానికి, అంటే 50 శాతానికి, తగ్గని మేరకే గుండ్రం గీస్తుంది. మెత్తటి బ్రష్షుకి దాని బయట కూడా పలచగా రంగు పడుతుంది. ‘ఫుల్ సైజ్ బ్రష్ టిప్’ పెట్టుకుంటే ఇంచుమించు రంగు పడే మేరంతా కనబడుతుంది. అక్కడే ‘ప్రిసైజ్’ ఉంటే క్యాప్స్ లాక్ లేకుండానే ఎప్పుడూ ప్లస్సే. ఇందాక నువ్వు బ్రాకెట్ నొక్కుతూ పోయావు కదా, ఆ సైజు 5000 పిక్సెళ్ల దాకా పోతుంది (ఫోటోషాప్ సీఎస్6 వెర్షన్ ముందు 2500 దగ్గర ఆగేది). ఫోటో అంతకంటే చిన్నదైతే గుండ్రం అంచు తెర బయట ఉంటుంది, క్యాప్స్ లాక్ తీసినా నీకేం కనబడదు. ఎడమ బ్రాకెట్‌తో తగ్గించుకో.

గోదారిగట్టు:
నాలుగో పాదంలో ‘బ్రహ్మాండాంత సంవర్ధియై’ (బ్రహ్మాండం చివరిదాకా పెరిగి) అంటే ఇదే 😀

అరసున్న:
ఆ పాదం ఎత్తారు కాబట్టి అడుగుతున్నాను. మొదటి అక్షరం నం, 13వది హ్మాం. యతి ఎలా కుదిరిందో ఛందోభ్రాంతి గారు చెప్పాలి.

ఛందోభ్రాంతి:
పరీక్షా? బ్రహ్మ + అండ. లోపల అ దాగుంది, ఇటు నంతైలోనూ అ. రెండో పాదంలో ‘కల్లంతై’ కూడా అంతే, అల్ల + అంత. పైకి హల్లులు కనిపిస్తాయి, యతి మాత్రం అచ్చు మీద నడుస్తుంది. నాలుగు పాదాల్లోనూ ఇదే పని, ఎక్కడా హల్లు మీద ఆధారపడలేదు. ఇది మీకు తెలీక అడగలేదని నాకు తెలుసు.

అరసున్న:
తెలుసు. మీకు తెలుసా అని.

చిత్రకూటం:
మీరిద్దరూ అయ్యాక తర్వాతి పద్యానికి రండి. ‘రవిబింబం బుపమింపఁ బాత్రమగు ఛత్రంబై’... గొడుగు, తలమాణిక్యం, చెవికమ్మ, మెడలో నగ, దండకడియం, కంకణం, మొలగంట, అందె, చివరికి కాలిపీట. సూర్యుడు తొమ్మిది చోట్ల కనబడతాడు, ఒక్క అంగుళం కదలకుండా. నా సిద్ధాంతం ఏంటంటే మొదటి పద్యం బ్రాకెట్ కీ, రెండోది జూమ్. బ్రష్షు కొలత బొమ్మ పిక్సెళ్లలో ఉంటుంది, జూమ్ చేస్తే అంకె మారదు, తెర మీద గుండ్రం మాత్రం పెద్దదవుతుంది, బయటికొస్తే చిన్నదవుతుంది. అలాగే ఇక్కడ రవిబింబం ఉన్నచోటే ఉంది, మన చూపు కొలత మారింది.

ఛందోభ్రాంతి:
జూమ్ అంటే ఒప్పుకోను. జూమ్‌లో ఏదీ పెరగదు, చూసేవాడు దగ్గరికెళ్తాడు అంతే. ఇక్కడ వటువు నిజంగానే పెరిగాడు. మీ లెక్కన బలి మోసపోయింది తెర చూసి అనాలి.

గోదారిగట్టు:
బలి మోసపోలేదండీ, తెలిసే ఇచ్చాడు. శుక్రుడు అంత చెప్పాక కూడా.

ఒంటిమిట్టవాసి:
మా కడప జిల్లా కవి పద్యానికి ఇంత చర్చ జరగడం సంతోషం.

బమ్మెరదారి:
ఎవరి కవి? బమ్మెర జనగామ జిల్లాలో ఉంది, పాలకుర్తి పక్కన. ఇంటిపేరే ఊరిపేరు, ఇంకేం కావాలి?

గోదారిగట్టు:
ఇద్దరికీ దణ్ణం, ఆ గొడవ ఇక్కడ వద్దు. నిరుడు అదే మొదలై గుంపులో సగం మంది వెళ్లిపోయారు.

రంగులడబ్బా:
ఫుల్ సైజ్ పెట్టాను, సైజు తగ్గించాను. ఇప్పుడు రంగు గుండ్రంలోనే పడుతోంది. కానీ జూమ్ బాగా తగ్గించి బొమ్మంతా చూస్తే గుండ్రం మళ్లీ పోతోంది. దగ్గరికెళ్తే ఒక్కోసారి వస్తోంది, ఒక్కోసారి రావట్లేదు. ఇదెందుకు?

డీటీపీ బాబాయ్:
తగ్గించినప్పుడు పోవడం మామూలే, తెర మీద మరీ చిన్నదైతే గుండ్రం గీయడానికి చోటుండదు. దగ్గరికెళ్లినా రాకపోతే మాత్రం గ్రాఫిక్స్ కార్డు వ్యవహారం కావచ్చు. ప్రిఫరెన్సెస్, పెర్ఫార్మెన్స్‌లో ‘యూజ్ గ్రాఫిక్స్ ప్రాసెసర్’ టిక్కు ఒకసారి తీసి, ఫోటోషాప్ మూసి తెరువు. అప్పుడు బాగుంటే డ్రైవరు పాతదని. ప్రిఫరెన్సెస్ మొత్తం రీసెట్ చెయ్యమని ఎవరైనా సలహా ఇస్తే ఇప్పుడే వినకు, రేపు పొద్దున ఫైలు అంటున్నావు, నీ సెట్టింగులన్నీ పోతాయి.

చిత్రకూటం:
బొమ్మలు గీసే క్రిటా సాఫ్ట్‌వేర్‌లో ఈ టెన్షన్ లేదు, కర్సర్ సెట్టింగుల్లో అవుట్‌లైన్ ఆకారం విడిగా ఎంచుకోవచ్చు. సరే, ఛందోభ్రాంతి గారూ, జూమ్ వద్దంటే దీనికి జవాబు చెప్పండి. మొదటి పద్యంలో ‘ప్రభారాశిపై నంతై’ అన్నప్పుడే సూర్యుణ్ణి దాటేశాడు కదా, చంద్రుణ్ణీ ధ్రువుణ్ణీ కూడా దాటి సత్యలోకం చేరాడు. మరి రెండో పద్యం మొదట్లో సూర్యుడు ఇంకా నెత్తి మీద గొడుగులా ఎందుకున్నాడు?

ఛందోభ్రాంతి:
ప్రభారాశి అంటే సూర్యుడేనని ఎవరన్నారు? వెలుగుల రాశి అన్నాడు, అంతే.

అరసున్న:
సూర్యుడే. పురాణ లెక్కలో చంద్రుడు సూర్యుడికి పైన. భాగవతం ఐదో స్కంధంలో లక్ష యోజనాల ఎత్తు అని ఉంది. మబ్బులు, ఆ తర్వాత ప్రభారాశి, ఆ తర్వాత చంద్రుడు, ధ్రువుడు. మధ్యలో సూర్యుడు కాక ఇంకేం పడుతుంది అక్కడ?

చిత్రకూటం:
అదే నేననేది. సూర్యుడే అయితే రెండో పద్యం వెనక్కి వెళ్లి అదే ఎదుగుదలని ఇంకో చోటినుంచి మళ్లీ చూపిస్తోంది. చివర ‘నిండుచోన్’ చూడండి. నిండాక కాదు, నిండుతూ ఉండగా.

ఛందోభ్రాంతి:
‘చోన్’కి ‘ఉండగా’ ఒక్కటే అర్థం కాదు, ‘అయితే’ అని కూడా వాడతారు.

అరసున్న:
ఇక్కడ ‘అయితే’ ఎలా కుదురుతుంది? ‘బ్రహ్మాండాన్ని నిండితే సూర్యుడు గొడుగయ్యాడు’ అంటారా? అన్వయం చేసి చూపించండి.

ఛందోభ్రాంతి:
చూపిస్తాను. రాత్రి భోజనం అయ్యాక.

రంగులడబ్బా:
టిక్కు తీసి తెరిచాను. ఇప్పుడు గుండ్రం ఉంది కానీ బ్రష్షు చేతి వెనకాల ఈడ్చుకుంటూ వస్తోంది. ఎవరైనా?

గోదారిగట్టు:
అన్వయం కోసం నేనూ మేలుకునే ఉంటాను.