“పరిచర్యను తుదముట్టించిన పాస్టరుగారు”: ఈ మాట ఉంచవచ్చా?

అచ్చుతప్పు:
ఆదరణ కూడిక (పోయినవారి కుటుంబాన్ని ఓదార్చే ప్రార్థన సభ) కరపత్రం ప్రూఫులో ఉన్న వాక్యం ఇది: “52 ఏళ్ళ పరిచర్యను తుదముట్టించి ప్రభువునందు నిద్రించితిరి.” 87వ ఏట పోయిన పాస్టరుగారి గురించి రాసింది. ‘తుదముట్టించి’ దగ్గరికి రాగానే ఎన్‌కౌంటర్ వార్త చదువుతున్నట్టుంది. రాసినవారేమో అది బైబిల్లో మాటేనంటున్నారు. నిజమేనా? మార్చాలంటే ఏం పెట్టాలి? రేపు సాయంత్రం అచ్చుకి వెళ్ళాలి.

బాలశిక్ష:
బైబిల్లో మాటేనండీ. అపొస్తలుల కార్యములు 20:24. ఎఫెసు సంఘపు పెద్దల్ని మిలేతుకు పిలిపించుకుని పౌలు వీడ్కోలు చెప్పే చోట, తన పరుగునూ పరిచర్యనూ ‘తుదముట్టింపవలెనని’ అంటాడు. ఆనాటి తెలుగులో ఇందులో వంక లేదు. తుద అంటే చివర. ముట్టు అంటే తాకు, చేరు. పనిని చివరిదాకా చేర్చడం అన్నమాట. తుదకు, తుది, తుదిశ్వాస అన్నీ ఆ ఇంటివే.

తేడా కర్మ దగ్గర, అంటే ‘దేన్ని, ఎవర్ని’ అన్న చోట వచ్చింది. పత్రికల్లో ఈ క్రియకి పని బదులు మనిషి కర్మ అయ్యాడు: ‘ఉగ్రవాదులను తుదముట్టించారు.’ మనిషిని చివరికి చేర్చడమంటే చంపడమే కదా! అది స్థిరపడ్డాక ‘అవినీతిని తుదముట్టించాలి’ వచ్చింది, అంటే రూపుమాపాలి అని. ఇప్పుడు ‘పరిచర్యను తుదముట్టించారు’ అంటే చదివేవాడికి ఆయనే సంఘాన్ని మూసేయించినట్టుంటుంది. బైబిల్ వచనాన్ని వచనంగా ఉటంకిస్తే సరే, మన సొంత వాక్యంలోకి ఆ క్రియ తేవద్దు.

గోదారిగట్టు:
‘కడతేర్చు’కీ ఇదే గతి పట్టింది. కడ తేరడమంటే ఒడ్డుకి చేరడం, తరించడం. ‘నన్ను కడతేర్చు స్వామీ’ అని భక్తుడు వేడుకునేది అందుకే. జిల్లా పేజీలో మాత్రం ‘తమ్ముణ్ణి కడతేర్చిన అన్న’. ఒక్క ‘కడముట్టించు’ మీదే విలేకరుల చెయ్యి పడలేదు, అందుకే శుభ్రంగా మిగిలింది. 2 తిమోతి 4:7లో ఉన్నది అదే: ‘నా పరుగు కడ ముట్టించితిని’. అది వాడండి.

సున్నా_అరసున్నా:
వాడండి గానీ పురుష చూసుకోండి. ఆ వచనం ఉత్తమ పురుషలో ఉంది, మాట్లాడేది పౌలు. పోయినవారి ఫొటో కింద వేస్తే కొటేషన్ గుర్తులుండాలి, అధ్యాయం, వచనం అంకెలుండాలి. మన మాటగా రాస్తే క్రియ మారాలి.

నేను – ముట్టించితిని
నీవు – ముట్టించితివి
మీరు – ముట్టించితిరి
వారు – ముట్టించిరి
అతడు – ముట్టించెను

ప్రూఫులో అసలు తప్పు ఇక్కడుంది. ‘నిద్రించితిరి’ అంటే ‘మీరు నిద్రించారు’. ‘తి’ ఉంటే గౌరవం ఎక్కువనుకుని వేస్తారు. కరపత్రం చేతిలో పట్టుకుని చదివేవాళ్ళతో ‘మీరు నిద్రించితిరి’ అంటే ఎలా? ‘నిద్రించిరి’ చాలు. ‘నిద్రించారు’ అన్నా గౌరవం ఏమీ తగ్గదు.

అచ్చుతప్పు:
మెడకాయ మీద తలకాయ లేకుండా రెండుసార్లు చదివినా ఆ ‘తి’ కంటికి ఆనలేదు. దిద్దేశాను. ‘కడ ముట్టించితిని’ విడిగా రాయాలా, కలిపా?

సున్నా_అరసున్నా:
బైబిల్లో విడిగా అచ్చవుతుంది. కలిపినా తప్పు కాదు, విడదీస్తే మాత్రం రెండూ ఒకే వరసలో ఉండాలి. ఫ్లెక్సీల్లో జరిగే ప్రమాదం ఇది: పెద్ద అక్షరాలు పెట్టగానే ‘నా పరుగు కడ’ పై వరసలో ఆగిపోతుంది, ‘ముట్టించితిని’ కింది వరసకి దిగుతుంది. ఒంటరి ‘ముట్టించు’ అంటే బీడీ ముట్టించడం, పొయ్యి ముట్టించడం. కంపోజింగ్‌లో ఆ రెంటి మధ్య విడిపోని ఖాళీ పెట్టండి, లేదా కలిపేయండి.

బాలశిక్ష:
ఆ వచనంలోనే ‘కాపాడుకొంటిని’ ఉంది. కొను + తిని = కొంటిని. కంటిని, వింటిని, తింటిని లాంటిదే. దాన్ని ‘కాపాడుకొనితిని’ అని ‘సరిదిద్దే’వాళ్ళున్నారు, జాగ్రత్త.

గోదారిగట్టు:
‘పరిచర్య’ బదులు ‘సేవ’ అనకూడదా? ఇప్పటివాళ్ళకి పరిచర్య అంటే రోగి పక్కన కూచుని చేసేదే.

బాలశిక్ష:
ఆ అర్థమే మూలానికి దగ్గర. పరి అంటే చుట్టూ, చర్య అంటే తిరగడం, మసలడం. ఎవరి అవసరం కోసమో వారి చుట్టూ మసలడం. 1 తిమోతి 3లో సంఘపు పనివారిని ‘పరిచారకులు’ అన్నదీ అదే ధాతువుతో. సేవ రోడ్డు శాఖకీ సరిపోతుంది, బ్యాంకుకీ సరిపోతుంది. నా ఓటు పరిచర్యకే. పైగా కడముట్టించు కన్నా సులువైన క్రియ అక్కడే దొరుకుతుంది. 2 తిమోతి 4:5లో ‘నీ పరిచర్యను సంపూర్ణముగా జరిగించుము’ అని ఉంది, ఆ పరుగు వచనానికి రెండు వచనాల ముందు. ‘పరిచర్యను సంపూర్ణంగా జరిగించి’ అంటే ఏ తరానికైనా తెలుస్తుంది.

కొందరు అపొస్తలుల కార్యములు 13:36 వేస్తారు: దావీదు తన తరమువారికి సేవచేసి నిద్రించాడని. మంచి వాక్యమే, కానీ ‘నిద్రించి’ దగ్గర ఆపేయాలి. తరవాత వచ్చేది దేహం కుళ్ళిపోవడం గురించి. వచనం మొత్తం కాపీ చేసి అతికిస్తే అదీ అచ్చవుతుంది.

గోదారిగట్టు:
వయసు కూడా సరిచూడండి. ‘87వ ఏట’కీ ‘87 ఏళ్ళు నిండి’కీ ఏడాది తేడా. పాత క్రైస్తవ కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరిగారినే తీసుకోండి. పుట్టింది 1803 సెప్టెంబరు 5, పోయింది 1890 ఆగస్టు 23. సంవత్సరాలు తీసేస్తే 87 వస్తుంది, కానీ పుట్టినరోజు ఇంకా 13 రోజులుంది. నిండినవి 86, నడుస్తున్నది 87వది. పరిచర్య లెక్కకీ అంతే. బాప్తిస్మం నుంచా, అభిషేకం నుంచా, మొదటి సంఘం అప్పగించిన నాటి నుంచా? ఎక్కణ్ణించో వాక్యంలోనే చెప్పాలి. ఉత్త ‘52 ఏళ్ళు’ వేస్తే కూడికలో ఎవరో ఒకరు లేచి అడుగుతారు.

అచ్చుతప్పు:
అభిషేకం నుంచేనట, అడిగాను. పేరు ముందు ‘ఫాదర్’ అని కూడా ఉంది. కేథలిక్ అనుకోరూ?

బాలశిక్ష:
సాధారణంగా అనుకుంటారు. 1842లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ హయ్యర్‌ని ‘ఫాదర్ హయ్యర్’ అనే అంటారు, ఆయన ప్రొటెస్టెంటే. అయినా అది ఆయనకి పడిన పేరు, హోదా కాదు. ఇక్కడ ‘రెవరెండ్’ వేసి, మాటల్లో ఆ ఊరివాళ్ళు పిలిచినట్టు ‘అయ్యగారు’ అనో ‘పాస్టరుగారు’ అనో రాయండి. ‘దైవజనులు రెవరెండ్ పాస్టర్’ అని మూడూ గుదిగుచ్చకండి.

అచ్చుతప్పు:
ఇలా పంపుతున్నాను: “అభిషేకం పొందిన నాటి నుండి 52 సంవత్సరాలు పరిచర్యను సంపూర్ణంగా జరిగించి, 87వ ఏట అయ్యగారు ప్రభువునందు నిద్రించిరి.” కింద కొటేషన్‌లో 2 తిమోతి 4:7.

సున్నా_అరసున్నా:
‘సంపూర్ణంగా’ వ్యావహారికం పక్కన ‘నిద్రించిరి’ గ్రాంథికం. ‘నిద్రించారు’ చేసేయండి, పాత తెలుగు కొటేషన్‌లో ఎలాగూ ఉంది.