బస్టాప్ జనాన్ని వేస్తే మనుషులు గాల్లో తేలుతున్నారు, ఎక్కడ సరిచేయాలి?

తడికుంచె:
వాటర్‌కలర్, 300 జీఎస్ఎం (మందపాటి) పేపర్, క్వార్టర్ షీట్ (పూర్తి షీట్‌లో నాలుగో వంతు). బస్సు కోసం నిలబడ్డ జనం, వెనక రోడ్డు. ఒక్కో మనిషీ విడిగా బాగానే ఉన్నాడు, కలిపి చూస్తే కత్తిరించి అంటించినట్టుంది. దూరంగా ఉన్నవాళ్లు మరీ పొట్టిగా, గాల్లో ఉన్నట్టు కనిపిస్తున్నారు. ముఖాలేమో మాస్కుల్లా వస్తున్నాయి. కొంత స్పాట్ స్కెచ్ (అక్కడే ఉండి చూసి గీసింది), కొంత ఫోన్ ఫొటో చూసి వేస్తున్నాను.

గీతాగీతా:
తేలడానికి రంగుతో సంబంధం లేదండీ, హొరైజన్ లైన్ (బొమ్మలో మీ కంటి ఎత్తున వచ్చే అడ్డగీత) తప్పింది. నేల చదునుగా ఉండి మీరు నిలబడి చూస్తుంటే, మీ అంత ఎత్తున్న వాళ్లందరి కళ్లూ ఆ గీత మీదే ఉంటాయి, దగ్గరున్నా దూరమున్నా. మారేది పాదాలే: దగ్గరివాళ్లవి కిందికి, దూరంవాళ్లవి పైకి. మీరు దూరంవాళ్ల తలలు కూడా కిందికి దించేసి ఉంటారు.

కూర్చుని గీస్తే కంటి ఎత్తు సుమారు 120 సెం.మీ.కి దిగుతుంది. అప్పుడు నిలబడ్డ పెద్దవాళ్లందరికీ గీత ఛాతీ దగ్గరే రావాలి. ఒకరికి ఛాతీ దగ్గర, ఇంకొకరికి మోకాలి దగ్గర వచ్చిందంటే రెండో మనిషి ఏదో ఎక్కి నిలబడ్డట్టే. పిల్లలకూ ఇదే లెక్క: మీ కంటి ఎత్తు 150 అయితే, 100 సెం.మీ. పిల్లవాడి తల పాదం నుంచి గీతకు మూడింట రెండొంతుల దగ్గర ఆగాలి. మెట్లు, వాలు ఉంటే మాత్రం ఇది చెల్లదు.

ఫ్రెంచ్ చిత్రకారుడు కైబోట్ 1877లో వేసిన పారిస్ వాన వీధి చిత్రం ముందు పెట్టుకోండి. గొడుగు కింది జంట తలలూ, వెనక చీమలంత ఉన్నవాళ్ల తలలూ దాదాపు ఒకే వరసలో ఉంటాయి.

మసిగుడ్డ:
అంటించినట్టు ఉండటానికి కారణం అంచులు. ప్రతి మనిషి చుట్టూ గట్టి అంచు వదిలితే అంతే. గుంపును ఒకే ఆకారంగా వేయండి. తల రంగు తడిగా ఉండగానే చొక్కా రంగు తాకించి కిందికి లాగాలి. నల్ల బ్యాగు నల్ల ప్యాంటును తాకే చోట రెండూ కలిసిపోనివ్వండి. కాళ్లు ఆరకముందే నీడ పాదం నుంచే మొదలవ్వాలి: అల్ట్రామెరీన్ నీలంలో కాస్త బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమరంగు), ఒకే స్ట్రోకు, మళ్లీ ముట్టుకోవద్దు. వాష్ (నీళ్లగా పూసిన రంగు) తడి మెరుపు పోయే దశలో నీళ్లెక్కువున్న కుంచె తగిలిందా, రంగును పక్కకు నెట్టి కాలీఫ్లవర్ పువ్వు అంచులాంటి మరక వేస్తుంది. అది పడ్డాక రుద్దితే ఇంకా పాడవుతుంది, పూర్తిగా ఆరనివ్వండి.

తల 1 సెం.మీ. లోపు ఉంటే కళ్లూ నోరూ వద్దు. లేత చర్మరంగు ఒక చుక్క, వెలుగు పడని వైపూ గడ్డం కిందా కాస్త ముదురు. చాలు. తల ఒంటి ఎత్తులో ఏడున్నరో వంతు మించితే పెద్దవాళ్లు పిల్లలైపోతారు.

బొగ్గుముక్క:
ఇంకొకటి. బస్టాప్‌లో ఎవరూ రెండు కాళ్ల మీదా సమానంగా నిలబడరు. బరువు ఒక కాలి మీద ఉంటే అటువైపు తుంటి లేస్తుంది, భుజం దిగుతుంది, మెడ గుంట నుంచి నిలువుగీత దాదాపు ఆ పాదం మీద పడుతుంది. స్పాట్ స్కెచ్‌లో ముందు ఈ మూడే పట్టుకోండి, బట్టలు తర్వాత.

తడికుంచె:
ఫొటో ఫోన్ పైకెత్తి తీసిందండీ.

గీతాగీతా:
అయితే దాని హొరైజన్ ఫోన్ ఎత్తులో ఉంది. స్కెచ్ మనుషుల పక్కన ఫొటో మనుషులను పెడితే రెండు గీతలొచ్చి కొట్టుకుంటాయి. పైగా వైడ్ లెన్స్ అంచుల్లోని వాళ్లను అడ్డంగా సాగదీస్తుంది. ఫొటో నుంచి బట్టలు, సంచులు తీసుకోండి, ఎత్తులు మాత్రం స్కెచ్ గీత నుంచే కొలవండి.