దేవతలు తిరిగే కథలో క్యాన్సర్‌కు చోటుందా?

పాత సంచిక

సూపర్‌హీరో కామిక్స్ లోకంలో చచ్చినవాళ్ళు లేచి వస్తారు. కాలంలో వెనక్కి వెళ్ళి జరిగినదాన్ని మార్చేస్తారు. వేరే గ్రహాల వైద్యులు ఒక్క పిలుపు దూరంలో ఉంటారు. ఇలాంటి లోకంలోకి క్యాన్సర్‌ను, ఎయిడ్స్‌ను, తాగుడు వ్యసనాన్ని వాటి అసలు పేర్లతో తీసుకురావచ్చా? తెస్తే, హీరో వాటిని నయం చేయవచ్చా? మీ అందరి అభిప్రాయం కావాలి.

నా మాట ముందే చెప్పేస్తాను. తీసుకురావాలి, నయం చేయకూడదు.

1982లో వచ్చిన 'ద డెత్ ఆఫ్ కెప్టెన్ మార్వెల్' చదివినప్పటి నుంచి నాది ఇదే మాట. మార్వెల్ సంస్థ వేసిన గ్రాఫిక్ నవలల వరుసలో అది మొదటిది. రాసిందీ గీసిందీ జిమ్ స్టార్లిన్. తండ్రి క్యాన్సర్‌తో పోయిన కొంతకాలానికే ఆయన ఈ పుస్తకం చేశారు. 1974 నాటి ఒక సంచికలో కథానాయకుడు మార్‌వెల్ విషవాయువు బారిన పడతాడు. అప్పటికి అది గెలిచిన పోరాటాల లెక్కలోనే జమ అయింది. ఎనిమిదేళ్ళ తరువాత అదే క్యాన్సర్‌గా తేలింది. చేతి కంకణాల శక్తి ఇన్నాళ్ళూ జబ్బును అణచిపెట్టింది. ఇప్పుడు అవే కంకణాలు ఏ చికిత్సనూ పనిచేయనివ్వవు. భూమి మీది మేధావులందరూ తలలు బద్దలు కొట్టుకుంటారు. అతను మంచం మీదే పోతాడు.

అందులో ఒక ఘట్టం ఉంది. జీవితమంతా అతనితో యుద్ధం చేసిన స్క్రల్ జాతి తరఫున ఒక సేనాని వచ్చి, మంచం పక్కన నిలబడి, శౌర్య పతకం ఇచ్చి వెళతాడు. మరో ఘట్టంలో రిక్ జోన్స్ అనే కుర్రాడు "ఇలా ఓడిపోవడానికి ఎలా ఒప్పుకుంటావు" అన్న కోపంతో గది విడిచి వెళ్ళిపోతాడు. చాలా పుటల తరువాత తలవంచుకుని తిరిగి వస్తాడు. మా అక్కకు రోగం బయటపడిన వారం మా తమ్ముడు చేసింది అచ్చంగా ఇదే. ఆరు రోజులు ఆమె గది గడప తొక్కలేదు. ఏడో రోజు వచ్చి మాటా పలుకూ లేకుండా ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. ఆ గదిలో ఏం జరుగుతుందో తెలిసిన మనిషి గీసిన బొమ్మలు అవి. అందుకే ఇలాంటి కథలు రావాలంటాను.

తర్కమే ముఖ్యం

పాత సంచిక గారూ, పుస్తకం గొప్పదే, కాదనను. మీ అక్కగారు కోలుకోవాలని మనసారా కోరుకుంటున్నాను. కానీ అసలు చిక్కును మీరు దాటేశారు.

మార్వెల్ కథల్లోని మేధావి శాస్త్రవేత్త రీడ్ రిచర్డ్స్ వేరే లోకాలకు తలుపులు తెరుస్తాడు. ఐరన్‌మ్యాన్ కవచం వెనక ఉండే టోనీ స్టార్క్ తన గుండె వైపు కదులుతున్న ఇనుప ముక్కలను ఆపే కవచాన్ని బందీగా ఉండగానే తయారు చేసుకుంటాడు. అదీ 1963లో. వీళ్ళంతా క్యాన్సర్ ముందు చేతులెత్తేశారంటే చదివేవాళ్ళు నమ్మాలా? నమ్మకపోతే కథ అక్కడే కూలిపోయింది. నమ్మితే మరీ ఘోరం, ఎందుకంటే తమలో ఒకడికి వచ్చేదాకా వీళ్ళు ఆ జబ్బును పట్టించుకోనే లేదని అర్థం వస్తుంది. ఆసుపత్రి మంచం మీద ఉన్న పాఠకుడికి ఆ కథ ఏం చెబుతున్నట్టు?

నేల విడిచి సాము చేసే కథలు నేల మీది రోగాల జోలికి రాకపోవడమే మర్యాద. చెప్పాలనే ఉంటే కల్పిత వ్యాధితో చెప్పవచ్చు. 1993లో ఎక్స్‌మెన్ కథల్లోకి లెగసీ వైరస్ వచ్చింది. మొదట మ్యూటెంట్లకే, అంటే పుట్టుకతో అతీత శక్తులున్నవాళ్ళకే సోకేది. ఎయిడ్స్‌ను దృష్టిలో పెట్టుకునే రాశారని చదివినవాళ్ళకు ఇట్టే తెలిసిపోయేది. వెలివేత, భయం, "అది వాళ్ళ జబ్బు, మనకు కాదు" అనే జనం, అన్నీ అందులో ఉన్నాయి. అసలు పేరు ఎత్తలేదు కాబట్టి ఏ రోగి గాయాన్నీ కెలకలేదు.

నీలి సిరా

లెగసీ వైరస్ ఎలా ముగిసిందో గుర్తుందా అండీ? 2001లో ఎక్స్‌మెన్ జట్టులోని కొలోసస్ తన ప్రాణాన్ని అర్పిస్తాడు, మందు గాలిలో కలుస్తుంది, ఆ జబ్బు ఇక లేదు. ఎనిమిదేళ్ళ కథ ఒక్క సంచికలో తుడిచిపెట్టుకుపోయింది. ఎయిడ్స్ విషయంలో లోకానికి జరిగింది ఇది కాదు. 1996లో అనేక మందులు కలిపి ఇచ్చే చికిత్స వచ్చింది. వైరస్ ఒంట్లోనే ఉంది, మనుషులు మాత్రం బతకసాగారు, మాత్రలు రోజూ వేసుకుంటూ. ప్రతీకంలో ఈ "రోజూ" ఇమడదు. ఒకరి త్యాగంతో అందరి రోగమూ పోవడం పురాణానికి నప్పుతుంది. ఎయిడ్స్‌తో పోయిన మిత్రులను తలుచుకునేవాళ్ళకు అది ఎలా ఉంటుందో ఆలోచించండి.

పేరు పెట్టి రాసినవాళ్ళు ఏం చేశారో చూడండి. జిమ్ విల్సన్ 1970 నుంచి హల్క్‌కు నేస్తం. 1994లో పీటర్ డేవిడ్ రాసిన సంచికలో అతను ఎయిడ్స్‌తో మరణిస్తాడు. చివరి రోజుల్లో అతను, హల్క్‌గా మారే బ్రూస్ బ్యానర్‌ను అడిగేది ఒక్కటే, "నీ రక్తం నాకు ఎక్కించు" అని. తర్కమే ముఖ్యం గారూ, మీరు అడిగిన ప్రశ్ననే ఇక్కడ రోగి అడుగుతున్నాడు. కథ దాన్ని దాచలేదు. ఆ రక్తం బతికించవచ్చు, రాక్షసుణ్నీ చేయవచ్చు. ఎదురుగా నేస్తం చనిపోతున్నాడు. నేను చదివిన హల్క్ సంచికలన్నింటిలోనూ ఇంత బరువైనది లేదు.

పదేళ్ళు గడిచాక, జడ్ వినిక్ రాసిన గ్రీన్ ఆరో అనే విలుకాడి కథల్లో అతని శిష్యురాలు మియా డియర్డెన్‌కు హెచ్.ఐ.వి. ఉందని తెలుస్తుంది. 1994లో ఎయిడ్స్‌తో మరణించిన పెడ్రో జమోరా ఈ రచయితకు ఆప్తమిత్రుడు. మియా చచ్చిపోదు. స్పీడీ పేరుతో విల్లు పట్టుకుని టీన్ టైటన్స్ జట్టులో చేరుతుంది. 1994 కథలో చావు, 2004 కథలో బతుకు. ఈ రెంటి నడుమ వైద్యం ఎంత దూరం నడిచిందో కనబడుతుంది. కల్పిత వైరస్‌తో ఇది సాధ్యమా?

వార్డు దీపం

పిల్లల క్యాన్సర్ వార్డులో పన్నెండేళ్ళుగా నర్సుగా పనిచేస్తున్నాను. "రోగి మనసు నొచ్చుకుంటుంది" అని ఇక్కడ అన్నారు కాబట్టి నేనూ ఒక మాట చెబుతాను.

తొమ్మిదేళ్ళ బాబు ఒకడు రక్త పరీక్షకు చేయి చాపి నన్ను అడిగాడు, "సూపర్‌మ్యాన్‌కు సూది దిగదు కదా, మరి రక్తం ఎలా తీస్తారు?" అని. తీయలేరేమో అన్నాను. కాసేపు ఆలోచించి, "అయితే లోపల జబ్బుంటే ఎవరికీ తెలియదు, పాపం" అన్నాడు. వాడి మొహంలో అసూయ లేదు. నిజంగానే జాలిపడ్డాడు. జబ్బున్న పిల్లలు హీరోల దగ్గరికి ఇలాంటి ప్రశ్నలతో వస్తారు. తమను కథలోంచి తప్పించమని నన్ను ఇంతవరకు ఏ బిడ్డా అడగలేదు.

1984 జనవరి నాటి 'అమేజింగ్ స్పైడర్‌మ్యాన్' 248వ సంచికలో ఒక చిన్న కథ ఉంది. రోజర్ స్టెర్న్ రాశారు. స్పైడర్‌మ్యాన్ గురించి పత్రికల్లో వచ్చిన ప్రతి ముక్కనూ కత్తిరించి దాచుకునే టిమ్ అనే కుర్రాడి గదికి ఒక రాత్రి స్పైడర్‌మ్యాన్ వస్తాడు. కబుర్లు చెప్పుకుంటారు. అసలు నువ్వెవరు అని కుర్రాడు అడిగితే ముసుగు తీసి చూపిస్తాడు. గుండెలకు హత్తుకుని వెళ్ళిపోతాడు. ఆ గది క్యాన్సర్ ఆసుపత్రిలోదని చివర్లో గానీ మనకు తెలియదు. టిమ్‌కు లుకేమియా, మిగిలినవి కొద్ది వారాలు.

స్పైడర్‌మ్యాన్ అక్కడ రక్తదానం చేయలేదు, మందు వెతకలేదు. ఎవరికీ చెప్పని తన పేరు చెప్పాడు. మా వార్డులో వైద్యులు చేయవలసిందంతా చేశాక మా నర్సులకు మిగిలే పని ఇలాంటిదే. నయం చేయలేకపోతే కథ ఎందుకు అని అడిగేవాళ్ళు ఆ ఎనిమిదో తొమ్మిదో గంట రాత్రిని ఊహించుకోవాలి. మందులు ఇవ్వడం అయిపోయింది, బిడ్డకు నిద్ర పట్టదు, ఎవరో ఒకరు పక్కన కూర్చోవాలి.

లోపలి గొంతు

అందరూ ఒంటి జబ్బుల గురించే మాట్లాడుతున్నారు. నాకు బైపోలార్ రుగ్మత ఉంది. నా లాంటివాళ్ళకు కామిక్స్ ఇచ్చిన చోటు ఆర్ఖమ్ అనే మానసిక ఆసుపత్రి.

1974లో బ్యాట్‌మ్యాన్ సంచికలోకి వచ్చిన ఆ ఆసుపత్రి నుంచి ఇంతవరకు ఎంతమంది కోలుకుని ఇంటికి వెళ్ళారు? తప్పించుకున్నవాళ్ళే కనిపిస్తారు. హంతకుడు ఎందుకు హంతకుడయ్యాడో చెప్పాల్సిన చోట "మతి చలించింది" అని రాసి చేతులు దులుపుకున్నారు. నిజానికి మానసిక వ్యాధి ఉన్నవాళ్ళు ఇతరులపై దాడి చేయడం కంటే ఇతరుల దాడికి గురికావడమే ఎక్కువ. కొత్తగా మందులు మొదలుపెట్టిన ఇరవయ్యేళ్ళ మనిషి ఆ పుటలు చదివితే తనను తాను ఎవరి మొహంలో చూసుకోవాలి?

మూన్ నైట్ అనే హీరో 1975 నుంచి ఉన్నాడు. రచయిత మారినప్పుడల్లా అతని జబ్బూ మారింది. ఒకరు వ్యాధి అన్నారు, మరొకరు దేవుడు అతని మెదడును మార్చేశాడన్నారు. క్యాన్సర్ విషయంలో ఇంత అలసత్వాన్ని పాఠకులు ఒప్పుకునేవారా? అందుకే పేరు పెట్టడం ఒక్కటే సరిపోదంటాను. పేరు పెట్టాక దాన్ని తెలుసుకుని రాయాలి.

పాత సంచిక

లోపలి గొంతు గారూ, మీరు చెప్పింది నేను మొదటే రాసి ఉండవలసింది. తెలుసుకుని రాయడం అంటే గుర్తొచ్చింది. 1979లో టోనీ స్టార్క్ తాగుడు కథ వచ్చింది. అందరూ దాన్నే మెచ్చుకుంటారు. అందులో అతను దాదాపు ఒక్క సంచికలోనే బయటపడతాడు. నాకు దానికంటే, తరువాత డెనిస్ ఓ'నీల్ రాసిన కథ నిజమనిపిస్తుంది. టోనీ మళ్ళీ తాగుతాడు, కవచం 1983లో నేస్తం జిమ్ రోడ్స్ చేతికి వెళుతుంది, కంపెనీ పోతుంది, చివరికి వీధిన పడతాడు. ఒకసారి మానినవాడు మళ్ళీ పడిపోవడం వ్యసనంలో మామూలే. దాన్ని రాయడానికి నెలల తరబడి సంచికలు పట్టింది.

ఇక తర్కమే ముఖ్యం గారి ప్రశ్న. నా దగ్గర జేన్ ఫాస్టర్ ఉంది. జేసన్ ఆరన్ రాయగా రస్సెల్ డాటర్‌మన్ బొమ్మలు వేసిన, ఉరుముల దేవుడు థోర్ కథల్లో, అతని మాయా సుత్తి ఎత్తిన కొత్త థోర్ ఎవరో 2015లో తెలుస్తుంది. రొమ్ము క్యాన్సర్‌కు కీమో తీసుకుంటున్న జేన్. ఆమె సుత్తి పట్టుకున్న ప్రతిసారీ ఒంట్లోని విషాలన్నీ తొలగిపోతాయి. కీమో మందు కూడా విషమే కాబట్టి అదీ పోతుంది. క్యాన్సర్ మాత్రం తన సొంత కణాలే కాబట్టి అలాగే ఉంటుంది. థోర్ దేవతల లోకమైన అస్గార్డ్ మంత్రవైద్యం ఇస్తామంటే వద్దంటుంది, మంత్రానికి ఎప్పుడూ ఒక మూల్యం ఉంటుందని. లోకాన్ని కాపాడిన ప్రతి రోజూ ఆమె చికిత్స వెనక్కి పోతూనే ఉంటుంది.

ఈ పుస్తకాన్ని అక్కకు నాలుగో కీమో రోజున తీసుకెళ్ళాను. ఇవ్వాలా వద్దా అని దారంతా తటపటాయించాను. ఎడమ చేతికి సూది ఉంది, కుడి చేత్తో పుటలు తిప్పింది. తలకు గుడ్డ కట్టుకున్న జేన్ బొమ్మ దగ్గర తన తలగుడ్డను ఒకసారి సవరించుకుంది. సుత్తి పట్టుకోగానే మందు కొట్టుకుపోయే చోట చదవడం ఆపేసింది. మా అక్క బడిలో పాఠాలు చెబుతుంది. పరీక్షలు దగ్గరికొచ్చాయని మూడో కీమోను తనంతట తానే మూడు వారాలు వెనక్కి జరిపింది. డాక్టరు చెప్పినా, నేను బతిమాలినా వినలేదు. "పిల్లలు ఏమైపోతారు" అనేది.

చాలాసేపటి తరువాత, "ఈవిడా నాలాగే చేసింది" అంది. సాయంత్రం సూది తీశాక, ఐదో కీమో తేదీ ఎప్పుడో తానే నర్సును అడిగి ఫోనులో రాసుకుంది.

తర్కమే ముఖ్యం

జేన్ కథ విషయంలో ఒప్పుకుంటున్నాను. అక్కడ మంత్రం ఎందుకు పనిచేయదో కథే చెప్పింది. కంకణాల విషయంలో స్టార్లిన్ కూడా చెప్పారు. నా అభ్యంతరం కారణం చెప్పకుండా వదిలేసే కథల మీద. రీడ్ రిచర్డ్స్ గురించి నేను అన్నది వెనక్కి తీసుకోను. వార్డు దీపం గారూ, ఆ 248వ సంచిక నేను చదవలేదు. ఈ రాత్రికి వెతుకుతాను.