చార్‌ధామ్‌కు 18 రోజులు వెళ్తున్నాం – రోహిణి కార్తెలో మిద్దె తోటకు నీళ్లెలా?

హనుమకొండ_మిద్దెతోట:
అందరికీ నమస్కారం. మే 20న చార్‌ధామ్ యాత్రకు బయల్దేరుతున్నాం, తిరిగి ఇల్లు చేరేది జూన్ 7న. రోహిణి కార్తె దాదాపు మొత్తం ఇంటికి తాళమే. ఎన్నేళ్లుగానో అనుకుంటున్న యాత్ర కాబట్టి మానుకునే ప్రశ్నే లేదు, మొక్కలను వదిలేయడానికీ మనసు రావడం లేదు.

మిద్దె మీద 12 అంగుళాల కుండీలు 30 (వీటిలో 12 టమాట, బెండ, మిగతావి మిరప, వంగ, మందార, కరివేపాకు), 18 అంగుళాల గ్రోబ్యాగులు 10 (మల్లె 4, నిమ్మ 2, జామ 1, బీర పాదులు 3), చిన్న కుండీలు 6 ఉన్నాయి. 4 అడుగుల దిమ్మె మీద 1000 లీటర్ల ట్యాంకు ఉంది. పక్కింటి వదిన మూడు నాలుగు రోజులకోసారి వచ్చి చూస్తానన్నారు. సీసాలు బోర్లించాలా, వత్తులు పెట్టాలా, టైమరుతో డ్రిప్పు బిగించాలా?

పాదులు_పందిళ్లు:
ముందు నీళ్ల లెక్క వేసుకోండి, ఏది పనికొస్తుందో అదే చెబుతుంది. మే ఎండలో 12 అంగుళాల కుండీకి రోజుకు సుమారు లీటరున్నర, 18 అంగుళాల బ్యాగుకు 3 లీటర్లు, చిన్న కుండీకి అర లీటరు కావాలి. మీ తోటకు 45 + 30 + 3, అంటే రోజుకు 78 లీటర్లు. 18 రోజులకు 1,404 లీటర్లు. ట్యాంకే సరిపోని చోట సీసాల మాట వదిలేయండి. కోకోపీట్ (కొబ్బరి పొట్టు) కలిపిన గుల్ల మట్టిలో బోర్లించిన 2 లీటర్ల సీసా ఒకటి రెండు రోజుల్లోనే ఖాళీ అవుతుంది.

అందుకే నీళ్లు పెంచే ముందు దాహం తగ్గించాలి. టమాట, బెండ మే రెండో వారానికి కోత ముగించి తీసేయండి. ఎలాగూ 38 డిగ్రీలు దాటిన ఎండలో టమాట పూత రాలిపోతుంది. బెండకాయను రెండు మూడు రోజులకోసారి కోయకపోతే ముదిరి, మొక్క కొత్త పూత ఆపేస్తుంది. బీర పాదులు కూడా తీసేయండి. అంత ఆకు ఉన్న తీగ బ్యాగులోని నీళ్లను మధ్యాహ్నానికే తాగేస్తుంది. ఖాళీ అయిన కుండీల మట్టిని ఎండనివ్వండి, జూన్‌లో వర్షాకాలపు విత్తనాలకు అదే సిద్ధంగా ఉంటుంది.

ఇప్పుడు మిగిలేవి 18 కుండీలు, 7 బ్యాగులు: 27 + 21, రోజుకు 48 లీటర్లు. 18 రోజులకు 864. కాగితం మీద ఒక్క ట్యాంకు సరిపోతుంది గానీ అవుట్‌లెట్ కింద ఉండే నీళ్లు పైపులోకి రావు. పదో రోజున వదినగారు మోటారు వేసి ఒకసారి నింపితే ఇబ్బంది ఉండదు.

చిన్న కుండీలు ఆరింటికి మాత్రం వత్తి పద్ధతి (తాడు ఒక కొస బకెట్టు నీళ్లలో, ఇంకో కొస కుండీ మట్టిలో) చక్కగా పనిచేస్తుంది. మెట్ల కింద నీడలో పెట్టి, పక్కనే మూత ఉన్న బకెట్టు ఉంచండి. నీటి మట్టం కుండీలోని మట్టికి మరీ కిందికి పోకూడదు, జానెడు దాటితే వత్తి నీళ్లు పైకి లాగలేదు. నూలు వత్తి నానీ నానీ కుళ్లిపోతుంది, సింథటిక్ అల్లిక తాడు వాడండి.

డ్రిప్పు_పనులు:
పై లెక్క సరైనది, దాని మీదే డ్రిప్పు చెబుతాను. అన్నిటికంటే ఎక్కువ మంది దెబ్బతినేది టైమరు దగ్గర. రెండు రకాలుంటాయి. సోలెనాయిడ్ వాల్వు (కరెంటు అయస్కాంతంతో తెరుచుకునేది) రకానికి నీటి ఒత్తిడి కావాలి, సాధారణంగా అర బారు (ఒత్తిడి కొలత) దాకా. 10 మీటర్ల ఎత్తు నీళ్లకు ఒక బారు. మీ దిమ్మె, ట్యాంకు కలిపినా డ్రిప్పరు నుంచి నీటి మట్టం దాకా 6, 7 అడుగులే, అంటే 0.2 బారు. ఆ టైమరు క్లిక్కుమంటుంది, నీళ్లు మాత్రం సరిగా రావు. మీకు కావలసింది బాల్ వాల్వు (లోపలి గుండు తిరిగి తెరుచుకునేది) రకం. డబ్బా మీద 0 బారు నుంచి పనిచేస్తుందని రాసి ఉండాలి.

డ్రిప్పర్లలోనూ ఇదే చిక్కు. ప్రెషర్ కాంపెన్సేటెడ్ (ఒత్తిడి మారినా ఒకేలా నీళ్లిచ్చేవి) అని అమ్మేవి ఇంత తక్కువ ఒత్తిడిలో సరిగా తెరుచుకోవు. మామూలు 4 లీటర్లవి తీసుకోండి. ఆ 4 లీటర్లు ఒక బారు దగ్గర గంటకు వచ్చే లెక్క. మీ ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు 1.8 లీటర్లు, అడుగంటినప్పుడు 1.2 లీటర్ల దాకా వస్తాయి. కాబట్టి పొద్దున 5.30కి 30 నిమిషాలు, సాయంత్రం 6.30కి 30 నిమిషాలు పెడితే సగటున లీటరున్నర అందుతుంది. కుండీకి ఒకటి, బ్యాగుకు ఎదురెదురుగా రెండు, మొత్తం 32 డ్రిప్పర్లు. మధ్యాహ్నం వేళ మాత్రం పెట్టొద్దు. ఎండకు కాలిన నల్ల పైపులోంచి మొదట వచ్చే నీళ్లు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటాయి, పై వేళ్లు ఉడికిపోతాయి.

బిగించే వరుస: ట్యాంకు, చేతి వాల్వు, 120 మెష్ (సన్న జాలీ) ఫిల్టరు, టైమరు, 16 మిల్లీమీటర్ల పైపు. పైపును ఒక వైపుకే లాగకుండా మిద్దె చుట్టూ తిప్పి రెండు కొసలూ టీ (మూడు నోళ్ల జాయింటు)తో కలపండి, అప్పుడు చివరి కుండీకీ ఇంచుమించు సమానంగా వస్తుంది. 4 మిల్లీమీటర్ల సన్న గొట్టం అర మీటరు మించనీయకండి.

ఇంకొకటి, పైపు ఎక్కడా గూనిలా పైకి లేవకూడదు. పిట్టగోడ మీదుగానో గట్టు మీదుగానో పైకెక్కి దిగితే ఆ వంపులో గాలి చిక్కుకుంటుంది. మోటారు ఒత్తిడికైతే ఆ గాలి కొట్టుకుపోతుంది, ట్యాంకు ఒత్తిడికి పోదు. ఫిల్టరు శుభ్రంగా ఉంటుంది, బ్యాటరీ బాగుంటుంది, అయినా సగం కుండీలు పొడిగా ఉంటాయి. ట్యాంకు నుంచి నేల దాకా పైపు దిగుతూనే ఉండాలి.

టైమరుకు కొత్త ఆల్కలైన్ బ్యాటరీలు వేయండి. బాల్ వాల్వు తెరిచి ఉండగా బ్యాటరీ అయిపోతే చాలా మోడళ్లలో అలాగే తెరుచుకుని ఉండిపోతుంది, ట్యాంకు మొత్తం కారిపోతుంది.

మల్లెపూల_తోట:
మొక్కల సంగతి చెబుతాను. మల్లె అప్పటికి పూత జోరులో ఉంటుంది. మే 10 ప్రాంతంలో పూత ఒక దఫా తగ్గగానే కొమ్మలను మూడో వంతు కత్తిరించండి. ఆకు తగ్గితే దాహం తగ్గుతుంది, మీరు వచ్చేసరికి కొత్త చిగుళ్లు ఉంటాయి. నిమ్మ, జామ జోలికి పోవద్దు, పిందెలు మరీ ఎక్కువుంటే కొన్ని తుంచండి.

వెళ్లే ముందు పది రోజులు జీవామృతం, కేక్ (నూనెచెక్క) ఎరువులు ఆపేయండి. ప్రేమకొద్దీ చివర్లో బలం పెడితే లేత చిగురు తన్నుకొచ్చి ఎండకు మాడుతుంది, పిండినల్లికి విందవుతుంది. బయల్దేరడానికి పది రోజుల ముందు ఒకసారి, మూడు రోజుల ముందు ఒకసారి లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం పూట ఆకుల అడుగున తడిసేలా కొట్టండి. ఎర్రనల్లి దాక్కునేది అక్కడే.

మట్టి మీద రెండంగుళాల మందాన ఎండుటాకులు కప్పండి, కాండానికి అంగుళం దూరం వదలండి. 50 శాతం షేడ్ నెట్ కడితే గాలివానను దృష్టిలో పెట్టుకోండి. మే చివరి గాలికి వదులుగా కట్టిన నెట్ తెరచాపలా లేచి, కట్టిన కర్రలతో సహా కుండీల మీద పడుతుంది. అడుగడుగుకీ జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) తీగతో బిగించండి. కుండీల కింది పళ్లాలు తీసేయండి, అడుగు రంధ్రాలు పుల్లతో పొడిచి చూడండి. ఒక్క పెద్ద వాన పడితే నిలిచిన నీటితో వేరు కుళ్లుతుంది.

హనుమకొండ_మిద్దెతోట:
చాలా ధన్యవాదాలండీ. సోలెనాయిడ్ టైమరే కొనబోతున్నాను, ఆగిపోయాను. ట్రయల్ ఎప్పటి నుంచి మొదలుపెట్టాలి? వదినగారికి ఏం చెప్పి వెళ్లాలి?

డ్రిప్పు_పనులు:
ఏప్రిల్ చివరి వారంలోనే బిగించండి. మూడు వారాలు మీ కళ్లముందే నడవాలి. మొదటి రోజు నాలుగు మూలల్లో నాలుగు డ్రిప్పర్ల కింద సీసాలు పెట్టి 30 నిమిషాలకు ఎంత వచ్చిందో కొలవండి. సుమారు 900 మిల్లీలీటర్లు రావాలి. ఒకదానికీ ఇంకోదానికీ పావు వంతు కంటే తేడా ఉంటే ఎక్కడో గాలి గానీ చెత్త గానీ ఉన్నట్టే. బోరు నీళ్లయితే డ్రిప్పరు మూతి దగ్గర తెల్లటి ఉప్పు పేరుకుంటుంది. వెళ్లే ముందు విప్పి వెనిగర్‌లో నానబెట్టి కడగండి, పది డ్రిప్పర్లు అదనంగా ఉంచుకోండి.

ఈ మూడు వారాల్లో పొద్దున నీళ్లు పోసే గంట మీకు మిగులుతుంది, దాన్ని మెట్లెక్కడానికి వాడుకోండి. గౌరీకుండ్ నుంచి కేదార్‌నాథ్‌కు ఒక వైపే దాదాపు 16 కిలోమీటర్ల ఎక్కుడు, గుడి ఉన్నది 3,583 మీటర్ల ఎత్తున. యాత్రకు వేసుకునే బూట్లతోనే ఎక్కండి, కొత్త బూట్లు అక్కడే మొదటిసారి వేసుకుంటే బొబ్బలు ఖాయం.

వదినగారికి మూడే పనులు చెప్పండి. ట్యాంకులో నీటి మట్టం చూడటం, ఫిల్టరు జాలీ విప్పి కుళాయి కింద కడగడం, ఏ కుండీ ఆకు వాడినా డ్రిప్పరు మార్చడం. ఎలా మార్చాలో ఫోన్‌లో చెప్పొద్దు, ముందే ఒకసారి ఆవిడ చేతే మార్పించండి. వాన గట్టిగా పడితే చేతి వాల్వు ఏ వైపు తిప్పి కట్టేయాలో దాని మీదే మార్కరుతో బాణం గీసి పెట్టండి.