దయ్యం లేకుండా భయపెట్టే ఒంటరి మనుషుల సినిమాలు చెప్పగలరా?

బ్రాడీపేట_పాఠకుడు (గుంటూరు):
సభ్యులకు నమస్కారం. భయానక చిత్రాలంటే నాకు మొదటినుంచీ ఇష్టమే గానీ, ఈ మధ్య తెర మీదికి దయ్యం రాగానే నాకు భయం పోతోంది. మొదటి గంటసేపు ఒక ఒంటరి మనిషిని ఎంతో శ్రద్ధగా చూపించి, విరామం తర్వాత ఆ ఒంటరితనాన్ని గాలికి వదిలేసి, పాత బంగళా, పగ, మంత్రగాడు అంటూ దారి మళ్లే సినిమాలు మనకు కొదవ లేదు. నాకు కావలసింది, పలకరించే దిక్కులేక ఎవరో ఒకరిని మనసులో పట్టుకుని, ఆ పట్టు విడవలేక తనే నాశనమయ్యే పాత్ర. 1999లో రామ్ గోపాల్ వర్మ తీసిన ‘కౌన్’ చూశాను. పాటలు లేని ఆ సినిమాలో ఊర్మిళా మాతోండ్కర్ తలుపు దాకా వెళ్లి వెనక్కి వచ్చే తీరు నన్ను పట్టేసింది గానీ, చివరి మలుపు కాదు. (మన విజయవాడ సిద్ధార్థ ఇంజినీరింగ్ కాలేజీలో చదివిన మనిషి తీశాడని ఇంట్లోవాళ్లనూ కూర్చోబెట్టాను, పావుగంటకే లేచి వెళ్లారు.) ఉత్త పేర్లు కాకుండా, దేనిలో ఏమి బాగుందో రాయగలరు.

మొగల్రాజపురం_కొండ (విజయవాడ):
మీరు 1965లో వచ్చిన ‘రిపల్షన్’ చూడాలండి. రోమన్ పొలాన్‌స్కీ తీసిన నలుపు తెలుపు చిత్రం. లండన్‌లో ఒక బ్యూటీ పార్లర్‌లో పనిచేసే కారొల్ అనే అమ్మాయి, అక్క ఊరికి వెళ్లడంతో ఫ్లాట్‌లో ఒక్కతే మిగులుతుంది. వంటకని తెచ్చిన, చర్మం ఒలిచిన కుందేలు అలాగే పడి ఉండి కుళ్లుతూ ఉంటుంది. ఎన్నాళ్లు గడిచాయో ఆ మాంసాన్ని చూసి మనమే లెక్కపెట్టుకోవాలి. ఆ పైన గోడలు బీటలు వారతాయి. చివర్లో కెమెరా ఒక పాత కుటుంబ ఫొటో మీదికి వెళ్లి ఆగుతుంది తప్ప, ఆమెకు ఏమైందో ఎవరూ వచ్చి వివరించరు. ఒక్క మనవి: కూలర్ ఆపి చూడండి. గడియారం చప్పుడు వినిపించకపోతే సినిమా సగం పోయినట్టే.

పాత_కలర్‌ల్యాబ్ (విజయవాడ):
నేను ఏలూరు రోడ్డులో ఒక కలర్ ల్యాబ్‌లో పదకొండేళ్లు ప్రింటింగ్ మెషీన్ మీద పనిచేశాను కనుక, 2002లో వచ్చిన ‘వన్ అవర్ ఫొటో’ గురించి చెప్పకుండా ఉండలేను. అందులో రాబిన్ విలియమ్స్ సూపర్ మార్కెట్‌లోని ఫొటో ల్యాబ్ ఉద్యోగి. ఒక కుటుంబం తెచ్చే ప్రతి రీలుకూ తనకోసం ఒక ప్రింటు అదనంగా తీసుకుని, ఏళ్ల తరబడి ఇంట్లో గోడ నిండా అతికించుకుంటూ ఉంటాడు. రీలు రోజులు చూడనివాళ్లకు ఇది విడ్డూరంగా తోచవచ్చు. 36 ఫొటోల రీలును పొదుపుగా ఏడాది పాటు వాడుకునే ఇళ్లు ఉండేవి. శ్రీమంతంతో మొదలైన రీలు అన్నప్రాశనతో ముగిసేది. కౌంటరులో ఒక్క మాట మాట్లాడకుండానే ఆ బిడ్డ ఎదుగుదల నాకు తెలిసేది. ఒకసారి ఒకావిడను, “బాబుకు పుట్టువెంట్రుకలు తిరుపతిలోనే తీయించారా అమ్మా?” అని అడిగాను. ఆవిడ నా ముఖం కేసి ఒక్క క్షణం చూసి, కవరు తీసుకుని వెళ్లారు. ఆ తర్వాత మా ల్యాబ్‌కు రాలేదు. సినిమా చూస్తున్నంతసేపూ నాకు ఆ చూపే గుర్తొచ్చింది. ఇంకొకటి: మెషీన్‌లో రంగు కాస్త తేడాగా వస్తోందని అతను మెకానిక్‌తో గొడవపడే సన్నివేశం ఉంది. కథకు అది అక్కర్లేదనేవాళ్లున్నారు గానీ, నా దృష్టిలో మనిషంతా అక్కడే ఉన్నాడు. పరాయివాళ్ల ఫొటోలో రంగు తప్పితే తన పరువు పోయినట్టు బాధపడేవాడు అతనొక్కడే.

అరండల్‌పేట_మూడో_లైను (గుంటూరు):
కొండ గారితో నాకొక పేచీ ఉంది. వివరణ ఉంటే సినిమా చెడిపోయినట్టేనా? 1960 నాటి ‘సైకో’ చివర, హంతకుడు నార్మన్ ఎందుకలా అయ్యాడో డాక్టరు అంతా విడమరచి చెబుతాడు. ఆ వెంటనే గదిలో ఒంటరిగా కూర్చున్న నార్మన్ ముఖం చూపగానే, ఆ చెప్పిందంతా ఎందుకూ కొరగాకుండా పోతుంది. అదే ఏడాది మైకేల్ పవెల్ తీసిన ‘పీపింగ్ టామ్’లో తండ్రి తన పరిశోధన కోసం కొడుకును చిన్నతనంలో భయపెట్టి, ఆ భయాన్ని ఫిల్ము మీదికి ఎక్కిస్తాడు. ఆ ఫిల్ములే పెద్దయ్యాక అతనికి తోడు. అక్కడ గతాన్ని తీసేస్తే పాత్రే లేదు. ఆ సినిమాపై బ్రిటిష్ విమర్శకులు విరుచుకుపడటంతో పవెల్ వృత్తి జీవితమే దెబ్బతింది. మన పక్క భాషలో కావాలంటే 2022 నాటి మలయాళ చిత్రం ‘భూతకాలం’ చూడండి. దయ్యం ఉందనే నేరం దానికీ ఉంది గానీ, ఒకే ఇంట్లో ఉంటూ ఒకరి మాట ఒకరు నమ్మని తల్లీకొడుకులుగా రేవతి, షేన్ నిగమ్ నటన కోసం ఆ నేరం క్షమించవచ్చు.

బ్రాడీపేట_పాఠకుడు:
అందరికీ కృతజ్ఞతలు. ఈ ఆదివారం ‘వన్ అవర్ ఫొటో’తో మొదలుపెడతాను. ల్యాబ్ గారూ, తప్పుగా అనుకోకపోతే ఒక ప్రశ్న: ఆవిడ రావడం మానేశాక, ఆ ఇంటి ఫొటోలు మీ దగ్గర ఏమైనా మిగిలాయా?

పాత_కలర్‌ల్యాబ్:
నెగటివ్‌లు ఎప్పటికప్పుడు ఇచ్చేసేవాళ్లమండి. రంగు సరిగా రాని ప్రింట్లను మాత్రం చించి పారేయాలని మా యజమాని నియమం. చాలావరకు చించాను.