స్లీవ్ చేయించుకుని ఆరేళ్లు, తగ్గిన బరువులో సగం తిరిగొచ్చింది. రివిజన్‌కి (దాన్ని మార్చే రెండో ఆపరేషన్‌కి) వెళ్లినవాళ్లు చెప్పండి

రాయగడ కోడలు:
అందరికీ నమస్కారం. మాది రాయగడ, పుట్టిల్లు పార్వతీపురం. వయసు 41, ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు. 2019లో విశాఖలో స్లీవ్ ఆపరేషన్ చేయించుకున్నాను, అంటే బరువు తగ్గడానికి కడుపులో చాలా భాగం తీసేసి సన్నటి గొట్టంలా మిగిల్చేది. అప్పుడు 118 కిలోలు. ఏడాదిన్నరలో 72కి దిగాను. ఇప్పుడు 94.

2021లో కోవిడ్‌తో అమ్మ పోయింది. పెరగడం అక్కడినుంచే మొదలైంది. ఇప్పటికీ ఒకేసారి ఎక్కువ తినలేను. అన్నం రెండు గరిటెలు దాటితే గుండెల దగ్గర పట్టేస్తుంది. కానీ మాది ఫ్యాన్సీ షాపు. కౌంటర్ కింద మురీ (మరమరాల) మిక్చర్ డబ్బా ఉంటుంది. గిరాకీ లేనప్పుడల్లా ఒక గుప్పెడు. పంచదార వేసిన టీ రోజుకి నాలుగుసార్లు. ఇది దాచి ఇక్కడ సలహా అడగడం తప్పనిపించింది, అందుకే రాస్తున్నాను.

బరువు ఒక్కటే అయితే ఇంత టెన్షన్ పడేదాన్ని కాదు. రెండేళ్లుగా రాత్రిళ్లు పుల్లటి నీళ్లు గొంతులోకి వస్తున్నాయి. మూడు దిండ్లు పెట్టుకుని దాదాపు కూర్చునే పడుకుంటాను. అయినా రెండు గంటలకి దగ్గుతో మెలకువ వస్తుంది. రోజూ పాంటాప్రజోల్ (యాసిడ్ తగ్గించే మాత్ర) వేసుకోవాల్సిందే. షుగర్ కూడా మళ్లీ వచ్చింది.

ఈమధ్య ఒక సర్జన్‌ని కలిస్తే పది నిమిషాలు చూసి "బైపాస్‌గా మార్చేద్దాం" అన్నారు. అంటే కడుపుని చిన్న సంచిలా చేసి పేగుని నేరుగా దానికి కలుపుతారట. నాలుగు లక్షలు దాటుతుందట. ఇంట్లో అత్తయ్య "ఒకసారి కోయించుకున్నది చాలదా" అంటున్నారు. ఆవిడ కోపంతో అనలేదు, భయంతో అన్నారు. నాకూ భయంగానే ఉంది. రెండోసారి వెళ్లినవాళ్లు ఉంటే ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

గుణుపురం తమ్ముడు:
అక్కా, కటువుగా ఉంటే మన్నించు. మిక్చర్ డబ్బా అక్కడే ఉంటే రెండో ఆపరేషన్ కూడా మూడేళ్లే పనిచేస్తుంది. నోరు కట్టుకోకుండా కడుపు ఎన్నిసార్లు కోస్తే ఏం లాభం? ముందు అది మానేసి ఆరు నెలలు చూడు.

పర్లాకిమిడి మాస్టారు:
తమ్ముడూ, నువ్వన్నదాంట్లో సగం నిజముంది. మిగతా సగం గురించి నేను చెబుతాను, ఎందుకంటే ఆ మాట నేను ఆరేళ్లు విన్నాను.

అమ్మా, నాకు 2016లో స్లీవ్ అయింది. 131 నుంచి 84కి దిగి, 2021కల్లా 103కి వచ్చాను. నాకూ మీలాగే యాసిడ్. స్కూల్లో పాఠం చెబుతూ వంగి నల్లబల్ల కింది భాగంలో రాస్తే చాలు, నోట్లోకి వచ్చేసేది. నాలుగో తరగతి పిల్లల ముందు గబగబా బయటికి వెళ్లి ఉమ్మి వచ్చేవాణ్ణి. అందరూ తిండి వల్లే అన్నారు. చివరికి ఎండోస్కోపీ చేస్తే హయాటల్ హెర్నియా బయటపడింది. అంటే కడుపు పైభాగం డయాఫ్రం దాటి ఛాతీలోకి జారింది. నోరు కట్టుకుంటే అది కిందికి దిగదు కదా.

2022లో స్లీవ్‌ని రూ-ఎన్-వై బైపాస్‌గా మార్చి, హెర్నియా కూడా సరిచేశారు. ఫలితం దాచకుండా చెబుతాను. యాసిడ్ నెల తిరిగేసరికి పోయింది. ఇప్పుడు ఒక్క దిండు మీద పడుకుంటున్నాను. బరువు మాత్రం పదకొండు కిలోలే తగ్గింది. మొదటిసారి తగ్గినట్టు రెండోసారి తగ్గుతుందని ఆశ పెట్టుకోకండి. నేను పెట్టుకున్నాను, ఏడాది చివర్లో చాలా కుంగిపోయాను. యాసిడ్ కోసం వెళుతున్నానా, బరువు కోసం వెళుతున్నానా అన్నది ముందు మీకు తేలాలి.

ఇంకొకటి. రసగొల్లా తింటే ఇప్పుడు ఒళ్లంతా చెమట పట్టి గుండె దడదడలాడుతుంది, అరగంట పడుకోవాలి. డంపింగ్ అంటారు. మేనకోడలి పెళ్లిలో తెలిసింది.

బరంపురం సిస్టర్:
నేను నర్సుని, బేరియాట్రిక్ (బరువు తగ్గించే ఆపరేషన్ల) వార్డులో కొన్నేళ్లు పనిచేశాను. డాక్టర్ని కాదు. అది గుర్తుపెట్టుకుని చదవండి.

ముందు గుణుపురం తమ్ముడికి. స్లీవ్‌లో కడుపులో 75 నుంచి 80 శాతం తీసేస్తారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది ఆ తీసేసిన పైభాగంలోనే. అందుకే మొదటి ఏడాది ఆకలే ఉండదు. తర్వాత శరీరం మెల్లగా సర్దుకుంటుంది. ఖర్చయ్యే కేలరీలు తగ్గుతాయి, ఆకలి తిరిగొస్తుంది, మిగిలిన గొట్టం కొందరిలో సాగుతుంది. మనిషి లోపం అని ఒక్క మాటలో తేల్చేస్తే, ఆ మనిషి మళ్లీ డాక్టర్ దగ్గరికి రావడమే మానేస్తారు. సిగ్గుతో మూడు నాలుగేళ్లు రాకుండా ఉండిపోయి, రక్తం ఆరు గ్రాములకి పడిపోయాక వచ్చినవాళ్లని చూశాను.

అలాగని మిక్చర్ సంగతి వదిలేయకూడదమ్మా. సన్నటి గొట్టంలో ముద్ద అన్నం, చికెన్ ముక్క ఆగుతాయి. మురీలు, బిస్కెట్, ఐస్‌క్రీం, తీపి టీ ఆగవు, జారిపోతాయి. కడుపు నిండినట్టే ఉండదు కాబట్టి రోజంతా తింటూనే ఉండొచ్చు. బైపాస్ చేసినా ఈ జారుడు తిండిని అది పూర్తిగా ఆపలేదు.

పది నిమిషాల్లో తేల్చే విషయం కాదిది. ఎండోస్కోపీ, బేరియం మింగించి తీసే ఎక్స్‌రే, ఈ రెండూ లేకుండా నిర్ణయం వద్దు. గొట్టం సాగిందా, పైన సంచిలా మిగిలిందా, మధ్యలో మెలిక పడి ఇరుకైందా, హెర్నియా ఉందా అన్నది వాటిలోనే తెలుస్తుంది. థైరాయిడ్, మూడు నెలల షుగర్ (హెచ్‌బీఏ1సీ), బీ12, విటమిన్ డీ, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), కాల్షియం, అల్బుమిన్ (రక్తంలోని ప్రోటీన్) చూడాలి. వాడుతున్న మందుల చీటీలన్నీ చూపించండి. స్టెరాయిడ్లు, ఇన్సులిన్, కొన్ని మానసిక వైద్యం మందులు బరువు పెంచుతాయి. మీ పాత ఆపరేషన్ నోట్స్ తప్పనిసరి. డిశ్చార్జి కాగితం ఒక్కటే సరిపోదు.

అమ్మగారు పోయినప్పటినుంచి అని రాశారు. దాని గురించి ఎవరితోనైనా మాట్లాడారా?

జయపురం నాన్న:
మా ఆవిడ సంగతి రాస్తాను. రెండో వైపు కూడా తెలియాలి కదా.

స్లీవ్ తర్వాత బరువు పెరిగిందని 2021లో మినీ బైపాస్‌గా మార్చారు. అందులో ఒక్కచోటే పేగుని కడుపుకి కలుపుతారు. బరువు బ్రహ్మాండంగా తగ్గింది, 29 కిలోలు. ఊళ్లో అందరూ మెచ్చుకున్నారు. ఎనిమిదో నెలలో కాళ్లు వాచాయి. పొద్దున్న నొక్కితే వేలి గుంట సాయంత్రం దాకా ఉండేది. రోజుకి ఆరేడుసార్లు బాత్రూంకి, జిడ్డుగా, భరించలేని వాసన. జుట్టు పాయలు పాయలుగా ఊడింది. అల్బుమిన్ 2.3కి పడిపోయింది. అంటే ప్రోటీన్ ఒంటికి పట్టడం లేదు. పేగు మరీ ఎక్కువ పొడవు తప్పించి కలిపారని తర్వాత వేరే డాక్టర్ చెప్పారు. మొదటి చోట ఫోన్ చేస్తే "మల్టీవిటమిన్ వేసుకోండి" అనడమే తప్ప ఎవరూ పిలిచి చూడలేదు. చివరికి ఇంకో ఆపరేషన్‌తో కొంత వెనక్కి మార్చాల్సి వచ్చింది. ఇప్పుడు బాగుంది.

మినీ బైపాస్ పడక ఇలా అయిందని నేననడం లేదు, అది చేయించుకుని హాయిగా ఉన్నవాళ్లు ఉన్నారు. కానీ అమ్మా, ఎన్ని సెంటీమీటర్ల పేగు తప్పిస్తున్నారు, మొత్తం పేగు పొడవు కొలుస్తారా అని అడగండి. మేం అడగాలని కూడా మాకు తెలియలేదు. ఇంకో సంగతి, అందులో పైత్యరసం కడుపులోకి వెనక్కి రావచ్చు. ఇప్పటికే యాసిడ్‌తో బాధపడేవాళ్లకి రూ-ఎన్-వై మేలని మాకు చెప్పారు.

కొరాపుట్ వైపు ఉండేవాళ్లకి ఒక మాట. ఇక్కడినుంచి విశాఖకి వెళ్లి రావడానికి రెండు రోజులు పోతాయి. ఆపరేషన్ నాటి ప్రయాణం ఒక్కటే లెక్కేసుకోకండి. ఆ తర్వాత జీవితాంతం చెకప్‌లు, రక్త పరీక్షలు ఉంటాయి.

సిరోంచ అన్నయ్య:
మేం మహారాష్ట్ర చివర, ప్రాణహిత ఒడ్డున. నేను రివిజన్ చేయించుకోలేదు. 2018లో స్లీవ్, 24 కిలోలు వెనక్కి వచ్చాయి. పరీక్షల్లో గొట్టం బాగానే ఉందన్నారు. ఉబ్బసానికి ఏళ్లుగా అప్పుడప్పుడూ మింగుతున్న స్టెరాయిడ్ మాత్రలు బయటపడ్డాయి. ఇక్కడ మందుల షాపులో అడిగితే ఇచ్చేస్తారు, దాన్ని నేను మందుగా కూడా లెక్కేసుకోలేదు. ఛాతీ డాక్టర్ వాటిని ఇన్హేలర్‌కి మార్చారు.

ఆ తర్వాత ఆకలి, షుగర్ తగ్గించే టిర్జెపటైడ్ ఇంజెక్షన్ మొదలుపెట్టారు. 2025 మార్చిలో మన దేశంలోకి మౌంజారో పేరుతో వచ్చింది. వారానికొకటి. వచ్చినప్పుడు 2.5 మిల్లీగ్రాముల వయల్ 3,500, 5 మిల్లీగ్రాములది 4,375 రూపాయలు. నెలకి నాలుగు లెక్కన నాకు భారమే. ఏడు నెలల్లో 13 కిలోలు తగ్గాను. ఒకసారి డబ్బుల్లేక రెండు నెలలు ఆపితే ఆకలి తిరిగి వచ్చింది, నాలుగు కిలోలు పెరిగాను. మొదట్లో వికారం, మలబద్ధకం ఉన్నాయి. పాంక్రియాస్ వాపు గతంలో వచ్చిందా, ఇంట్లో ఎవరికైనా మెడుల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ ఉందా అని ముందే అడిగారు. మీకు షుగర్ ఉంది కాబట్టి ఈ దారి గురించి తప్పకుండా అడగండి. కాకపోతే ఇది యాసిడ్‌కి మందు కాదు.

ఇన్సూరెన్స్ ఉంటే ఒక మాట. ఐఆర్‌డీఏఐ (బీమా నియంత్రణ సంస్థ) నిబంధన ప్రకారం బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు లెక్క) 40 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉండాలి, లేదా కనీసం 35 ఉండి అదుపులో లేని షుగర్, తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగడం), గుండె జబ్బు లాంటివి ఉండాలి. మీ లెక్క 38 వస్తోంది. ముందే కాగితం మీద అనుమతి తీసుకోండి, నోటిమాట నమ్మకండి.

గుణుపురం తమ్ముడు:
సిస్టర్ గారు రాసింది రెండుసార్లు చదివాను. మా అన్నయ్యకి 2022లో ఇదే ఆపరేషన్ అయింది, మళ్లీ పెరుగుతున్నాడు. రోజూ ఇంట్లో ఇదే మాట అంటున్నాం. నాలుగు నెలలుగా మాతో కూర్చుని తినడం మానేశాడు. అక్కా, నీ మీద విసుక్కున్నందుకు మన్నించు.

రాయగడ కోడలు:
పర్వాలేదు తమ్ముడూ. మీ అన్నయ్యని పిలిచి పక్కన కూర్చోబెట్టుకో, తిండి గురించి ఏమీ అనకు.

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. వేరే ఆసుపత్రికి వెళ్లాను. ఎండోస్కోపీలో మూడు సెంటీమీటర్ల హయాటల్ హెర్నియా, అన్నవాహిక కింద పుళ్లు. బేరియంలో గొట్టం పెద్దగా సాగలేదు. మూడు నెలల షుగర్ 8.4. బీ12 తక్కువ, ఫెరిటిన్ 9. ఆరేళ్లలో ఈ రక్త పరీక్షలు నేను రెండుసార్లే చేయించుకున్నానని అక్కడ చెప్పడానికి సిగ్గేసింది. అక్కడి డాక్టరమ్మ ఏమీ అనలేదు, "ఇప్పుడు మొదలుపెడదాం" అన్నారు.

యాసిడ్ కోసమైతే రూ-ఎన్-వైకి మార్చి హెర్నియా సరిచేయడం సరైన దారేనని చెప్పారు. కానీ వెంటనే కాదు. ముందు ఐరన్, బీ12 సరిచేసి, షుగర్ అదుపులోకి తెచ్చి, మూడు నెలలు డైటీషియన్‌తో నడవమన్నారు. రెండో ఆపరేషన్‌లో పాత కుట్ల దగ్గర పేగులు అతుక్కుని ఉంటాయి కాబట్టి లీకు, రక్తస్రావం ప్రమాదం మొదటిదానికన్నా ఎక్కువని దాచకుండా చెప్పారు. ఎంత తగ్గుతానని అడిగితే అంకె చెప్పలేదు. అదే నాకు నచ్చింది.

మిక్చర్ డబ్బా ఇప్పుడు ఇంట్లో అత్తయ్య దగ్గర ఉంది. కౌంటర్ కింద ఉడికించిన శనగలు, రెండు గుడ్లు పెట్టుకుంటున్నాను. పొద్దున్న చోడి (రాగి) అంబలి మానేయాలా సిస్టర్?

బరంపురం సిస్టర్:
మానక్కర్లేదు. పలచగా గ్లాసుల కొద్దీ తాగితే అదీ జారిపోయేదే, చిన్న గిన్నెడు చాలు, పక్కన గుడ్డు ఉండాలి. ప్రోటీన్ రోజుకి 60 గ్రాములైనా దాటాలి. తినడానికి, నీళ్లకి మధ్య అరగంట. ఐరన్ మాత్రకి, కాల్షియానికి మధ్య రెండు గంటలు తేడా ఉంచండి. ఐరన్ వేసుకున్న వెంటనే టీ వద్దు.

ఆపరేషన్ తర్వాత సంగతి ఇప్పుడే చెప్పేస్తాను. బైపాస్ అయ్యాక మోకాళ్ల నొప్పికని డైక్లోఫెనాక్, బ్రూఫెన్ సొంతంగా వేసుకోకూడదు. కలిపిన చోట అల్సర్ పడుతుంది. పొగ తాగినా అంతే. ఇంకా ముఖ్యంగా, రోజుల తరబడి వాంతులైతే ఇంట్లో కూర్చోవద్దు. బీ1 విటమిన్ పడిపోయి కళ్లు మసకబారడం, నడక తూలడం, మాట తడబడటం మొదలవుతాయి. దగ్గరి ఆసుపత్రికి వెళ్లి బేరియాట్రిక్ ఆపరేషన్ అయిందని చెప్పి, గ్లూకోజ్ సీసా పెట్టే ముందే థయమిన్ (అదే బీ1) ఇవ్వమనండి. మీ ఆయనకీ ఇది నేర్పండి, ఆ సమయంలో మీరు చెప్పగలిగే స్థితిలో ఉండకపోవచ్చు.

పర్లాకిమిడి మాస్టారు:
పాత ఆపరేషన్ నోట్స్ దొరికాయా అమ్మా? నాకు వాటికోసం మూడుసార్లు తిరగాల్సి వచ్చింది.

రాయగడ కోడలు:
దొరికాయి మాస్టారూ. రికార్డుల గదిలో రాతపూర్వకంగా అర్జీ పెడితే పది రోజులకి ఇచ్చారు. రెండు జిరాక్సులు తీయించి ఒకటి ఇంట్లో, ఒకటి హ్యాండ్‌బ్యాగులో పెట్టాను. సిస్టర్ చెప్పిన థయమిన్ మాట మా ఆయన చేత ఒక చీటీ మీద రాయించి, ఆ ఫైలు అట్ట లోపల అతికించాను.

సిస్టర్, మీరు అమ్మ గురించి అడిగారు. అప్పుడు జవాబివ్వలేకపోయాను. కోవిడ్ వార్డులోకి మమ్మల్ని రానివ్వలేదు, చివరిచూపు దక్కలేదు. ఆ ఏడాదంతా రాత్రి షాపు కట్టేశాక లైటార్పి కౌంటర్ దగ్గరే కూర్చుని తినేదాన్ని. ఆసుపత్రిలోనే కౌన్సెలర్ ఉన్నారు. మొదటిసారి వెళ్లొచ్చాను, వచ్చే మంగళవారం మళ్లీ వెళుతున్నాను.