స్కూలు గేటు దగ్గర పొగ: రెండు సెన్సర్లు ఎక్కడ కట్టాలి?

నయీంనగర్ కాలనీ: హన్మకొండలో మెయిన్ రోడ్డు మీది స్కూలు ముందు గాలి కొలిచి, కాలనీ సంఘం తరఫున దరఖాస్తు ఇద్దామనుకుంటున్నం. గాలిలోని దుమ్ము కణాలను లేజర్‌తో లెక్కపెట్టే ఎస్‌డీఎస్ 011 సెన్సర్లు రెండు కొన్నం. రెండూ గేటుకే కట్టాలా? 60 దాటితే చాలా?

కాజీపేట జంక్షన్: గేటుకే వద్దన్నా. మొదటి వారం రెండూ పక్కపక్కనే నడిపి, వాటి మధ్య తేడా రాసుకోండి. తర్వాత ఒకటి గేటు దగ్గర, ఇంకోటి 150 మీటర్లు లోపలి గల్లీల. ఆ రెండింటి తేడానే మీ రోడ్డు వాటా. గల్లీ లెక్క లేకుంటే "ఊరంతా అంతే కదా" అని తీసేస్తరు. ఎత్తు రెండు మూడు మీటర్లు. బజ్జీల బండికి దూరంగా.

60 మైక్రోగ్రాములనేది పీఎం 2.5కు, అంటే 2.5 మైక్రాన్ల లోపు సన్న కణాలకు, పెట్టిన 24 గంటల సగటు పరిమితి. పొద్దున 9 గంటల రీడింగును దానితో పోల్చితే మొదటి ప్రశ్నకే దొరికిపోతరు.

అసలు తిప్పలు తేమతోటి. 70 శాతం దాటితే కణాలు నీళ్లు పీల్చి ఉబ్బుతయి, లేజర్ దాన్నీ కాలుష్యం కిందే లెక్కేస్తది. చలికాలం తెల్లవారుజామున అంకెలు భయపెట్టేది కొంత అందుకే. పక్కన తేమ సెన్సర్ పెట్టి, ఆ గంటల రీడింగులు లెక్కలోంచి తీసేయండి. లేజర్ ఆయుష్షు సుమారు 8,000 గంటలు. ఆపకుండా తిప్పితే ఏడాది కూడా రాదు. 5 నిమిషాలకోసారి 30 సెకన్లు నడిస్తే చాలు.

కేయూ క్రాస్‌రోడ్: ఒక సవరణ. ఆ సెన్సర్ పీఎం 10 (10 మైక్రాన్ల దాకా ఉండే కణాలు) అంకె కూడా చూపిస్తది, నమ్మకండి. లారీ చక్రాల కింద లేచే ముతక దుమ్ము దానికి సరిగ్గా అందదు. డీజిల్ పొగ తేల్చాలంటే పొగలోని నైట్రోజన్ డయాక్సైడ్ వాయువును పట్టే చిన్న గొట్టాలు నయం: రెండు నుంచి నాలుగు వారాలు వేలాడదీసి ల్యాబుకిస్తరు, కరెంటు అక్కర్లేదు. బెల్జియంలోని ఫ్లాండర్స్‌లో 2018 మే నెలలో 20,000 మంది ఇండ్ల ముందు కట్టింది అవే. పరీక్షకు నిట్‌లోనో కేయూ (కాకతీయ యూనివర్సిటీ)లోనో కెమిస్ట్రీ విభాగాన్ని అడిగి చూడండి.

నయీంనగర్ కాలనీ: మరి దరఖాస్తులో ఏం రాయాలె?

కాజీపేట జంక్షన్: ముందు బండ్లు లెక్కపెట్టండి. పొద్దున 8 నుంచి 9:30 దాకా, ప్రతి 15 నిమిషాలకు: బైకు, ఆటో, కారు, బస్సు, లారీ. ఆగి ఉండి ఇంజను నడిపేటివి వేరే గడిలో. ఆదివారం కూడా లెక్కపెట్టండి, స్కూలు లేని రోజు పైసా ఖర్చు లేకుండా దొరికే పోలిక.

"కాలుష్యం తగ్గించండి" అని రాస్తే ఆ కాగితం ఎవరి బల్ల మీదా ఆగదు. "ఆ గంటన్నర లారీలు ఆపండి" అన్నది ట్రాఫిక్ పోలీసులకు, "రోడ్డు అంచు మట్టి ఎత్తండి" అన్నది కార్పొరేషన్‌కు, వేర్వేరుగా. సోమవారం ప్రజావాణిలో (అధికారులు జనం దరఖాస్తులు తీసుకునే కార్యక్రమం) ఇచ్చి రశీదు తీసుకోండి. పని జరిగినంక అవే చోట్ల మళ్లీ మూడు వారాలు కొలవాలె. ముందు జనవరిలో, తర్వాత జులైలో కొలిస్తే తగ్గించింది వానే అంటరు.